భయం ఉంది, గురి లేదు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోనో, జమ్మలమడుగు బస్టాండు టీకొట్టు దగ్గరో, పులివెందుల పెళ్లి బంతిలోనో ఎవరైనా "ఈ సెలవులకు పిల్లల్ని తీసుకుని శ్రీలంకకో థాయిలాండుకో పోయొద్దామనుకుంటున్నాం" అని చూడండి. మాట ముగియకముందే పక్కనుంచి ఒక పెద్దమనిషి అందుకుంటాడు. "ఎందుకప్పా ఆ తిప్పలు? దేశం గాని దేశం. బాంబులంట, గొడవలంట, దొంగలంట. ఏమన్నా అయితే ఎవురు దిక్కు? నిమ్మళంగా తిరుపతికి పోయి, అట్నే ఊటీ చూసుకుని రాపో." చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని తలలూపుతారు. అక్కడితో ఆ ఇంటి పాస్‌పోర్టులు మళ్లీ బీరువాలోకి పోతాయి.

ఈ సలహా ఇచ్చేవాళ్ల మంచితనాన్ని నేను శంకించను. కానీ సలహా మాత్రం తప్పు. విదేశంలో ప్రమాదమే లేదని నేననడం లేదు. ప్రమాదం ఉన్న చోటును వదిలేసి లేని చోట కాపలా కాస్తున్నామన్నదే నా అభ్యంతరం. విదేశం పోయినా, మన దేశంలోనే తిరిగినా మనవాళ్ల ప్రాణాలు పోతున్న తీరు ఒకటే. ఆ తీరులో బాంబులు, దొంగలు చాలా చిన్న భాగం.

పెద్దమనిషి చూపించే సాక్ష్యాలనే ముందు తీసుకుందాం. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంక హోటళ్లలో, చర్చిల్లో బాంబులు పేలి 250 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మన దేశస్థులూ ఉన్నారు. ఎన్నికల పని ముగించుకుని విహారానికి పోయిన కర్ణాటక రాజకీయ కార్యకర్తలూ ఉన్నారు. ఆ రోజు టీవీ చూసినవాళ్లకు శ్రీలంక పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది సహజం. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో యువకుల తిరుగుబాటు లేచి కాట్మండు విమానాశ్రయం మూతపడినప్పుడు తెలుగు యాత్రికులు హోటలు గదుల్లో చిక్కుకుపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి విశాఖకు, తిరుపతికి తీసుకొచ్చింది. ఇవి కట్టుకథలు కావు.

మరి 2025 ఏప్రిల్ 22 మాటేమిటి? పహల్గాంలో పచ్చికమీద నిలబడిన 26 మందిని కాల్చి చంపారు. అందులో నెల్లూరు జిల్లా కావలికి చెందినవాడు ఉన్నాడు, విశాఖలో ఉద్యోగం చేసి రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. వాళ్లు ఏ వీసా తీసుకోలేదు, ఏ సముద్రమూ దాటలేదు. కాశ్మీరుకు పోవద్దని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. ఏటా లక్షలమంది పోయి వస్తున్నారు. సరిహద్దుకు ఇవతల ఉన్నంత మాత్రాన తుపాకీ గుండు మనల్ని వదిలేయదని చెప్పడానికే ఎత్తాను. ఉగ్రవాదానికి భయపడి విహారం మానుకునేవాడు విదేశాన్నీ స్వదేశాన్నీ కలిపే మానుకోవాలి. ఒకదాన్ని మాత్రమే మానుకుంటే అది జాగ్రత్త అనిపించుకోదు, అలవాటు అవుతుంది.

ఇక మనవాళ్ల ప్రాణాలు నిజంగా ఎక్కడ పోతున్నాయో చూద్దాం. నీళ్లలో. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజినీరింగు కాలేజీ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నది బండల మీద నిలబడి ఫోటోలు దిగుతుండగా, ఎగువన లార్జి డ్యాం గేట్లెత్తారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తాపడింది. కార్తీకమాసం సరదాకు వచ్చిన ఒంగోలువాళ్లు ఎందరో అందులోనే పోయారు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉండగా, పాపికొండలు చూపిస్తామని బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. నలభై మందికి పైగా చనిపోయారు, పడవను పైకి తీయడానికే నెల దాటింది. విదేశంలో చూస్తే, 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు పోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండులో జలపాతం చూడబోయిన ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి పోయారు. ఈ చావుల్లో ఒక్కదాంట్లోనూ శత్రువు లేడు. ఉన్నదల్లా తెలియని నీళ్లు, చెప్పని హెచ్చరిక, ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఫోటో బాగుంటుందన్న ఆశ.

ఈ విషయంలో మన కడప జిల్లావాళ్లం మిగతా తెలుగువాళ్ల కంటే ఇంకాస్త ప్రమాదంలో ఉన్నామని నా అభిప్రాయం. పెన్న ఒడ్డున పుట్టినామన్న మాటే గానీ మనకు పెన్న అంటే ఇసుక. ఏడాదిలో ఎక్కువ రోజులు నడిచి దాటే ఏరు. కోనసీమ పిల్లవాడికి నీటి వాలు, సుడి చూపుకే తెలుస్తాయి. మనకు తెలియవు. అట్లాంటి మనం ఫుకెట్‌కు పోయి, మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకు అక్కడి పడమటి తీరం పోటెత్తుతుందని తెలియకుండా, ఎర్రజెండా పాతిన చోట దిగితే ఏమవుతుంది? ఎర్రజెండా అంటే ఈ రోజు సముద్రంలో దిగొద్దని. మోకాలి లోతులోనే కాళ్లకింది నీరు లోపలికి లాగేస్తుంది. ఒడ్డు వైపు ఎదురీదేవాడు అలసిపోయి మునుగుతాడు. ఆ లాగుడు నుంచి పక్కకు, తీరం వెంబడి ఈదుకుంటూ బయటపడాలి. ఈ ఒక్క సంగతి మన ఊరి ట్రావెల్ ఏజెంటు టికెట్టుతో పాటు చెబితే చాలు, బాంబుల గురించి చెప్పే వంద మాటల కంటే ఎక్కువ మేలు. చెప్పడు. ఇండియన్ భోజనం దొరుకుతుందని మాత్రం రెండుసార్లు చెబుతాడు.

నీళ్ల తర్వాత రోడ్డు. 2025లో ఒక నెల తేడాలో రెండు బస్సులు కాలిపోయాయి. అక్టోబరు 24న హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మంటల్లో చిక్కుకుంది. నవంబరు 17న మదీనా దగ్గర ఉమ్రా యాత్రికుల బస్సు ట్యాంకరును ఢీకొని కాలింది, నలభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది హైదరాబాదువాళ్లే. ఒకటి దేశం గాని దేశం, ఇంకొకటి మన పక్క జిల్లా. లోపల నిద్రపోతున్నవాళ్లకు ఆ తేడా ఏమన్నా ఉపయోగపడిందా? 2013లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయినప్పుడే ఈ పాఠం మనకు ఒకసారి అప్పజెప్పారు. దేశం మొత్తం మీద 2023 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 1.72 లక్షల మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క.

ఇంకో సంగతి. ప్రొద్దుటూరు కుటుంబం సింగపూరు పోవాలంటే ముందు బెంగళూరో చెన్నయో చేరాలి. తెల్లవారుజామున విమానం, కాబట్టి రాత్రి భోంచేసి కారెక్కుతారు. పగలంతా బాడుగలు తిప్పి వచ్చిన డ్రైవరు పులివెందుల, కదిరి, గోరంట్ల మీదుగా దేవనహళ్లికి తోలుకుపోతాడు. వెనక సీట్లో బెల్టు ఎవరూ పెట్టుకోరు. ఆ మొత్తం ప్రయాణంలో ప్రాణానికి అన్నిటికంటే ముప్పున్న గంటలు అవే అని నేను పందెం కాస్తాను. ఆ గంటల గురించి భయపడినవాడు మాత్రం నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. డ్రైవరు మనోడే కదా అంటారు. మనోడికి నిద్ర రాదా?

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. థాయిలాండు రోడ్లు మన రోడ్ల కంటే మేలేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో అక్కడ లక్ష జనాభాకు ఏటా పాతికమంది దాకా రోడ్డు మీద చనిపోతారు. అది మనకంటే ఎక్కువ. కానీ ఆ చావుల్లో అత్యధికం ద్విచక్రవాహనాల మీదివాళ్లవే. అంటే అక్కడ టాక్సీలో కూర్చునే కుటుంబానికి, అద్దె స్కూటరెక్కి కొండరోడ్డు పట్టే కుర్రాడికి ఉన్న ప్రమాదం ఒకటి కాదు. ఇక్కడ లైసెన్సు ఉందిలే అని ఆ కుర్రాడనుకుంటాడు. ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోకపోతే, అక్కడ కాలు విరిగిన రోజున బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. దేశానికి భయపడేబదులు ఆ స్కూటరుకు భయపడితే సగం పని అయిపోయినట్టే.

పెద్దమనిషి వాదంలో నిజంగా బలమున్న మాట ఒకటుంది. "ఏమన్నా అయితే ఎవురు దిక్కు?" దీన్ని నవ్వి తోసేయలేం. మన మూడు ఊళ్లలో ఎవరికైనా ఏదైనా జరిగితే పది నిమిషాల్లో నలుగురు పోగవుతారు. ఎస్సై తెలిసినవాడై ఉంటాడు, డాక్టరు బావమరిది క్లాస్‌మేటు అయి ఉంటాడు, ఇంకా కావాలంటే నాయకుడికి ఒక్క ఫోను. కడప మనిషికి భద్రత అంటే ఇదే, ఆపదలో పరుగెత్తుకొచ్చేవాళ్లుండటం. ఫుకెట్‌లో ఆ నాయకుడు ఫోనెత్తినా లాభం లేదు.

కానీ ఈ తెలిసినవాళ్లంతా ఎప్పుడొస్తారు? జరిగినాక. ఆసుపత్రి దగ్గరికి, పోస్టుమార్టం దగ్గరికి. జరగకుండా ఆపడానికి వాళ్లలో ఒక్కరూ పనికిరారు. పైగా ఆ ధీమాతోనే మనం ఇక్కడ బెల్టు పెట్టుకోం, హెల్మెట్టు పెట్టుకోం, కచ్చులూరు లాంటి పడవల్లో లైఫ్ జాకెట్టు ఉక్కపోస్తుందని విప్పి పక్కన పెడతాం. మనుషుల అండ ఉందన్న నమ్మకం మనల్ని కాపాడటం సరే, అజాగ్రత్తను కూడా అదే పెంచిపోషిస్తోంది.

ఆ అండను పరాయి దేశంలో వేరే రూపంలో ఏర్పాటు చేసుకోవచ్చు. ఇక్కడ నాకు కోపం తెప్పించే ఒక వింత ఉంది. మన ఉమ్మడి కడప జిల్లానుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, దశాబ్దాలుగా వేలమంది కువైట్‌కు పోతున్నారు. ఇళ్లలో పని చేయడానికి, ఒంటెలు కాయడానికి, డ్రైవర్లుగా. పదో తరగతి దాటని మనిషి అట్లా పనికి పోవాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా. ఆ కూలిమనిషి చేతిలో ఆ కాగితం లేకుండా చట్టప్రకారం విమానం ఎక్కనివ్వరు. అదే విమానాశ్రయంలో పక్క వరుసలో నిలబడి బ్యాంకాక్ పోతున్న బంగారు అంగడి యజమాని దగ్గర ఏ బీమా ఉండదు. వారం రోజుల ప్రయాణానికి మనిషికి కొన్ని వందల రూపాయలు పెట్టడానికి మనసొప్పదు. యూరపు వీసాకు 30 వేల యూరోల వైద్య బీమా తప్పదంటేనే తీసుకుంటాడు, అదీ తిట్టుకుంటూ. కువైట్‌కు మనిషిని పంపేటప్పుడు "ఏమన్నా అయితే ఎవురు దిక్కు" అని అడగని ఊరు, సెలవులకు పోయేవాణ్ణి ఆ మాటతో ఎందుకు ఆపుతుంది? డబ్బు తెచ్చే ప్రయాణానికి భయం ఉండదు, డబ్బు ఖర్చయ్యే ప్రయాణానికి మాత్రం ఉంటుంది. భద్రత పేరుతో మనం లెక్కేసేది చాలాసార్లు ఖర్చునే.

ముఖ్యంగా అమెరికాలో కొడుకు ఇంటికో కూతురు ప్రసవానికో పోయే అరవై దాటిన తల్లిదండ్రుల సంగతి. వాళ్లను ఎవరో తుపాకీతో కాలుస్తారని బంధువులు బెంగపెట్టుకుంటారు. వాళ్లకు నిజంగా రావడానికి అవకాశమున్నది గుండెనొప్పి. అక్కడ రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు ఇక్కడ మడికయ్య అమ్మినా తీరకపోవచ్చు. బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగరు ఉన్నాయని దాస్తే ఆ బీమా ఉన్నా లేనట్టే. మందుల చీటీ జేబులో ఉండాలి, మందులు చేతిసంచిలో ఉండాలి. చెప్పాల్సిన జాగ్రత్త ఇది.

ఇట్లాంటి భయమే మన మీద పడిన కథ కూడా ఒకటుంది, కాబట్టి సీమ కక్షల సినిమాల గురించి రెండు మాటలు. 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పటి నుంచి, ఆ తర్వాత నరసింహనాయుడు, ఇంద్ర, ఆది, ఇంకా లెక్కలేనన్ని వచ్చాక, తెలుగుదేశమంతా మనల్ని ఒకే కంటితో చూసింది. కోస్తానుంచి గండికోట చూడాలనుకున్నవాళ్లు "అటు పోతే క్షేమంగా వస్తామా? సుమోలు అడ్డమొస్తాయా?" అని నిజంగానే అడుగుతుండేవాళ్లు. మనకు ఎంత మంట పుట్టేది! కక్షలున్నమాట వాస్తవమే, వాటిలో చచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కక్షలు ఊరి లోపలివాళ్ల మధ్య జరిగినవి. దారినపోయే యాత్రికుడి జోలికి ఎవరూ పోలేదు, పైగా మజ్జిగ ఇచ్చి దారి చూపించారు. ఒక ప్రాంతంలో హింస ఉండటానికి, అక్కడికి చూడవచ్చినవాడికి ముప్పు ఉండటానికి మధ్య ఎంత దూరమో మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి కూడా, నేపాల్ గురించో శ్రీలంక గురించో మాట్లాడాల్సి వచ్చేసరికి గుంటూరువాడు మన గురించి అన్న మాటనే మనం వాళ్ల గురించి అంటున్నాం. అరనిమిషం వీడియో చూసి ఒక దేశాన్ని కొట్టేస్తున్నాం.

పోనీ ఆ గండికోటలోనే చూడండి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, కింద పెన్న కోసిన లోయ. అంచు నుంచి కిందికి సుమారు 300 అడుగులు. చాలాచోట్ల కంచె లేదు, బండలు వానకు నున్నగా జారతాయి. ఆదివారం పోతే ఆ అంచు మీద కాళ్లు వేలాడేసుకుని సెల్ఫీలు దిగేవాళ్లు వరుసగా కనబడతారు. వాళ్లలో చాలామంది ఇంట్లో విదేశం వద్దనిపించుకున్నవాళ్లే. బయటివాళ్లు ఇక్కడ బాంబులకు భయపడ్డారు, ఎవరూ అంచుకు భయపడలేదు. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో మొదటి రూపాయి అంచు వెంబడి కంచెకు, ఒక అంబులెన్సుకు ఖర్చవ్వాలని నేను కోరుకుంటాను. ముఖద్వారాలకు, రంగు దీపాలకు తర్వాత చూసుకోవచ్చు.

ప్రొద్దుటూరువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది బంగారం గురించి. పరాయి దేశంలో మెడలో గొలుసు తెంపుకుపోతారని భయం. నిజానికి చిక్కు ఎక్కువగా తిరిగొచ్చేటప్పుడు, మన విమానాశ్రయంలోనే ఎదురవుతుంది. మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల నగలకు సుంకం లేదన్న సంగతి అందరికీ తెలుసు. అది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లకేనని చాలామందికి తెలియదు. వారం విహారానికి పోయి దుబాయ్‌లో గొలుసు కొన్నవాడికి ఆ మినహాయింపు వర్తించదు. ఇక్కడినుంచే పెట్టుకుపోయే నగలైతే పోయేటప్పుడు కస్టమ్స్‌లో రాయించుకుని కాగితం తీసుకోవాలి. బంగారంలో మూడు తరాలు మునిగితేలిన ఊరికి ఈ మాట తెలియకపోవడం నామర్దా.

అట్లాగే "మావాడికిచ్చేయ్ సామీ, పచ్చడి డబ్బానే" అని ఇచ్చే పొట్లం. విప్పి చూడకుండా తీసుకుంటే లోపల ఏముందో దానికి బాధ్యత తీసుకున్నవాడిదే. అత్తగారు మసాలాలో వేసిన గసగసాలకు కూడా దుబాయ్, సింగపూరుల్లో నిషేధం ఉంది. బ్యాంకాక్ నుంచి గంజాయి సంచులు తెచ్చి శంషాబాదులో పట్టుబడిన కుర్రాళ్ల కథ ఇంకో ఎత్తు. విదేశం మనకు చేసిన అపకారం కంటే మనం సూట్‌కేసులో సర్దుకుని పోయిన అపకారమే ఎక్కువ.

ప్యాకేజీ టూరులో నలభైమందితో పోతే భయం లేదన్న మాట కూడా వింటుంటాం. బియాస్‌లో పోయింది గుంపే. 2018 జూలైలో ఫుకెట్ దగ్గర తుపాను హెచ్చరికను లెక్కచేయకుండా బయలుదేరిన పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు, వాళ్లూ గుంపుగానే పోయారు. గుంపులో ఉంటే "వద్దు, నేను పడవ ఎక్కను" అని ఒక్కడు అనలేడు. డబ్బు కట్టేశాం కదా, అందరూ ఎక్కుతున్నారు కదా అని ఎక్కేస్తాడు. గుంపు వల్ల దారి తప్పిపోవడం తగ్గుతుందేమో, నీళ్లలో మునగడం తగ్గదు.

నిజంగా భయపడాల్సిన విదేశ ప్రయాణం ఒకటుంది. దాన్ని ఎవరూ ఆపడం లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, టూరిస్టు వీసా మీద కుర్రాళ్లను థాయిలాండు మీదుగా కంబోడియాకు, మయన్మార్‌కు దాటించి, గదుల్లో బంధించి సైబరు మోసాలు చేయించడం. 2024 మేలో విశాఖ పోలీసులు ఈ ముఠాల గుట్టు బయటపెట్టారు. ఉద్యోగానికి టూరిస్టు వీసా ఎందుకని అక్కడ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. విహారానికి పోయేవాణ్ణి వంద ప్రశ్నలడిగే పెద్దమనుషులు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

వాదనలన్నీ అయిపోయాక పెద్దమనిషి చివరిగా ఒక మాట తీస్తాడు. "ఏమోలేప్పా, రాసిపెట్టుంటే యాడున్నా తప్పదు." సరే, తప్పదనుకుందాం. అప్పుడు కొలంబో టికెట్టు రద్దు చేసుకోవడం ఎందుకు? తప్పుతుందనుకుంటే, రాత్రి కారెక్కేముందు డ్రైవరు మధ్యాహ్నం పడుకున్నాడో లేదో అడగకపోవడం ఎందుకు?